తెరుచుకున్న పిడికిలి

మందు కలిపిన నీళ్లు తగలగానే, కంప్యూటర్ తెర మీద కొండలా లేచి దిగాల్సిన గీత నేలకు అతుక్కుపోవడం చూసి, సాయన్నను చంపింది ఎండ కాదని మృదులకు తెలిసిపోయింది.

వడదెబ్బ అన్నారు అందరూ. గౌలిగూడలో లారీలకు మూటలెక్కించే సాయన్న పోయినవారం మిట్టమధ్యాహ్నం భుజం మీద బస్తాతో మెట్లెక్కుతూ కూలిపోయాడు. బిగుసుకున్న కండరం ఒక పట్టాన వదలని జబ్బు అతనిది. నాంపల్లిలోని పరిశోధన కేంద్రం ఆ జబ్బుకు కొత్త మందు కనిపెట్టి కొందరి మీద పరీక్షిస్తోంది. సాయన్న ఆ కొందరిలో ఒకడు. కేంద్రం అధిపతి డాక్టర్ సదాశివ శవం పక్కన నిలబడి, కళ్లు తుడుచుకుంటూ "ఎండ మింగేసిందమ్మా" అన్నాడు సాయన్న భార్యతో. ఆ మాట అక్కడున్నవాళ్లంతా నమ్మారు, అదే కేంద్రంలో పరిశోధన చేసే మృదుల తప్ప. గుండెకు ఈ మందు హాని చెయ్యదని పరీక్షలు చేసి తేల్చింది ఆమె తోటి పరిశోధకుడు సుశాంత్. తేల్చిన కొన్నాళ్లకే బెంగళూరులో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. అతనేదో దాచాడని మృదుల అనుమానం. ఆ పరీక్షలన్నీ తన చేత్తో మళ్లీ చేసి చూడాలని, ఆదివారం పూట ఎవరికీ చెప్పకుండా ఆమె ల్యాబు తాళం తీస్తుండగా పోయిన భాగంలో మనం ఆమెను వదిలిపెట్టాం.

ఆమె తొందరకు కారణం నవత, సాయన్నకున్న జబ్బే ఉన్న అమ్మాయి. రేపు సోమవారం. నవతకు అదే మందు మొదటిసారిగా, అదీ పెద్ద డోసు, ఇవ్వాల్సిన రోజు.

మన ఒంట్లో ప్రతి కణానికీ పైపొరలో సన్నటి ద్వారాలుంటాయి. అయాన్ చానెళ్లంటారు వాటిని. సోడియం లోపలికి రావడానికి ఒకటి, పొటాషియం బయటికి పోవడానికి ఇంకొకటి. అవి వేళకు తెరుచుకుని వేళకు మూసుకుంటేనే కాలు కదులుతుంది, గుండె కొట్టుకుంటుంది. ఈ మందు కండరంలోని సోడియం ద్వారాన్ని కాస్త బిగించి, బిగుసుకుపోయే జబ్బును అదుపులో పెడుతుంది. అంతవరకు మంచిదే. గుండెలోని పొటాషియం ద్వారాన్ని మాత్రం అది ముట్టుకోకూడదు. ముట్టుకుంటే గుండె లయ తప్పుతుంది, మనిషి నిలబడ్డ చోటే పడిపోతాడు.

పొద్దున్నుంచి అంతా సుశాంత్ చెప్పినట్టే వచ్చింది. గుండెలోని పొటాషియం చానెల్ ఉండేలా పెంచిన కణాలను చిన్న గిన్నెలో పోసుకుని, వెంట్రుక కన్నా సన్నటి గాజు సూది మొనను ఒక కణం దాకా తీసుకుపోయి, నోట్లో పెట్టుకున్న గొట్టంతో మెల్లగా గాలి పీల్చి కణాన్ని సూదికి అంటించుకుంది మృదుల. పాలు తాగుతూ నిద్రలోకి జారే పసివాడి బుగ్గ కదిలినంత సుతారంగా పీల్చాలి. కొంచెం గట్టిగా లాగితే కణం చిరిగిపోతుంది. అతికిందంటే ఆ కణంలో పారే విద్యుత్తు తెర మీద గీతగా లేస్తుంది. మందు పోసింది. గీత కదల్లేదు. మళ్లీ పోసింది. చెక్కుచెదరలేదు. సుశాంత్‌ను అనవసరంగా అనుమానించానేమో అనుకుంది.

అప్పుడు ఏసీ ట్రిప్పయింది.

మే నెల. పై అంతస్తు. నెత్తిన రేకులు. గది పొయ్యి మీది గిన్నెలా వేడెక్కుతుంటే ఎవరైనా లేచి బయటికి పోతారు. కానీ అప్పుడే ఒక మంచి కణం అతికింది, అలాంటి కణాన్ని వదిలేసి లేచే పరిశోధకులు ఎక్కడా ఉండరు. చున్నీతో మొహం తుడుచుకుంటూ అలాగే కూర్చుంది. గిన్నెలో ముంచిన థర్మామీటర్ మనిషి ఒంటి వేడిని అందుకున్నాక మందు పోసింది.

గీత పడిపోయింది.

వేడికి కణం చచ్చిందనుకుంది. మందును కడిగేసింది. గీత మెల్లగా మళ్లీ లేచింది. చచ్చిన కణం లేవదు కదా! మళ్లీ మందు, మళ్లీ పడింది. ఇంకో కణాన్ని పట్టుకుంది. అదీ అంతే. ఏసీని మళ్లీ వేసి చల్లబరిస్తే గీత క్షేమంగా నిలబడింది, ఆపి వేడెక్కనిస్తే కూలిపోయింది.

చల్లటి గదిలో ఈ మందు సాధువు. మనిషి ఒంట్లో మాత్రం గుండె ద్వారాన్ని మూసేస్తోంది. మామూలుగా కూర్చున్నవాడికి చిన్న డోసుతో పైకి తెలియదు. చెమటలో పొటాషియం పోయి, బరువు మోసో పరుగెత్తో ఒళ్లు కాగిందంటే మిగిలిన కాస్త సందూ మూసుకుంటుంది. మూట మోసే సాయన్నకు జరిగింది అదే.

ఏసీలో ఎందుకు చేశారీ పరీక్షలు? చల్లగా ఉంటే కణాలు ఎక్కువసేపు బతుకుతాయి, గీత శుభ్రంగా వస్తుంది. చాలా ల్యాబుల్లో అలవాటే అది. అయినా గిన్నెను ఒంటి వేడికి తెచ్చే హీటర్ ఒకటి ఈ యంత్రానికి ఉండాలే! మృదుల వంగి వెతికింది. హీటర్ లేదు. హీటర్ వైరు దూరాల్సిన రంధ్రాన్ని ఎంసీల్ ముద్ద పెట్టి మూసేశారు. పైన రంగు కూడా పూశారు.

బెంగళూరుకు ఫోన్ చేసింది.

"ఏంది మృదులా, ఆదివారం గూడా ల్యాబులనేనా?" అన్నాడు సుశాంత్ హుషారుగా.

"హీటర్ ఏది?"

అటువైపు హుషారు ఆగిపోయింది.

"ఏ హీటర్?"

"నాటకాలొద్దు. రంధ్రానికి ఎంసీల్ పెట్టింది నువ్వేనా?"

"నేనెందుకు పెడత? అడిగి మరీ తెప్పిచ్చుకున్న హీటరది. ఒక్క పూట వాడిన. మందు పోస్తే గీత మొత్తం పడిపోయింది. సదాశివ సార్‌కు చూపిచ్చిన. నీ కణం చచ్చిందిరా, హీటర్‌తోని గీతల నాయిస్ వస్తది, అందరు చల్లగనే చేస్తరు, నువ్వు గట్లనే చెయ్యి అన్నడు. తెల్లారి వచ్చి చూస్తే హీటర్ లేదు."

"కడిగి చూసినవా?"

సుశాంత్ మళ్లీ నాయిస్ సంగతి ఎత్తాడు.

"నిన్నే అడిగేది. మందు కడిగేసి చూసినవా లేదా?"

"సార్ అన్నంక ఇంక కడుగుడేంది, మృదులా? పెద్దాయన. ఆయన చెప్పిండంటే..."

"కడిగితే లేస్తది, సుశాంత్. నేను కడిగిన. లేచింది. నీ ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం రాసింది కూడా ఆ పెద్దాయనే కదా?"

జవాబు కోసం ఆగకుండా పెట్టేసింది. ఇన్నాళ్లూ దొంగ బెంగళూరులో ఉన్నాడనుకుంది. దొంగ రోజూ తన బల్ల పక్కకు వచ్చి, తిన్నావా బేటా అని అడిగి వెళ్తున్నాడు!

ముందు నవత. ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే తండ్రి బాలమల్లు ఎత్తాడు. సిద్దిపేట పక్క పల్లె నుంచి బతుకుదెరువుకు వచ్చి లక్డీకాపూల్‌లో ఓ అపార్టుమెంటుకు కాపలా ఉంటున్న మనిషి.

"బాలమల్లన్నా, నేను మృదులను, ల్యాబు నుంచి. జర నవతకివ్వు."

"బిడ్డ లేదు మేడం. ఫోను చార్జింగు పెట్టి మర్సిపోయింది. అబిడ్స్‌ల కానిస్టేబుల్ పుస్తకాలు కొనుక్కొని గటే గ్రౌండుకు పోత, పొద్దు గూకంగ వస్త అన్నది. తెల్లారంగనే సారు రక్తపరీక్షకు పిలిస్తె పోయొచ్చింది. వచ్చినకాన్నుంచి ఒక్కటే ఖుషీ. ఇగ నన్నెవ్వలు స్టార్టింగ్ ట్రబుల్ అనరు నాయినా అంటది!"

స్టార్టింగ్ ట్రబుల్ అన్నది నవతకు కాలేజీలో పెట్టిన పేరు. కూర్చుని లేస్తే కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయి, నాలుగడుగులు ఈడ్చాక గానీ వదిలేవి కావు. కిందటిసారి కానిస్టేబుల్ పరుగు పరీక్షలో విజిల్ ఊదగానే అందరూ దూసుకుపోతే, గీత దగ్గర స్తంభంలా నిలబడిపోయింది. పక్కనున్నవాళ్లు పడీపడీ నవ్వారు. ఆ నవ్వులు చెవుల్లో పెట్టుకునే ఆమె ఈ మందు పరీక్షకు సంతకం చేసింది.

"అన్నా, జర మంచిగ విను. రేపటి గోళీ మింగొద్దని చెప్పు. రేపనే కాదు, నేను చెప్పేదాకా ఏ గోళీ ముట్టద్దు."

"గట్లనే మేడం. సాయన్నకైనట్టు అయితదా మేడం?"

"కానియ్యను" అంది మృదుల.

అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద ఆదివారం పుస్తకాలు పరిచి ఉన్నాయి. పోటీ పరీక్షల గైడ్లు గుట్టలుగా పోసిన చోట అమ్మాయిల మొహాలన్నీ చూసుకుంటూ నడిచింది. నవత ఎక్కడా లేదు. అప్పటికే గ్రౌండుకు వెళ్లిపోయి ఉంటుంది. ఇంకా ఒక్క గోళీ కూడా మింగలేదు కదా, పరుగుతో ఇవాళ్టికి భయం లేదు అనుకుని పోస్టాఫీసు పక్కనున్న ఇరానీ హోటల్ వైపు తిరిగింది. పాత వైద్యగ్రంథాలు ఏరుకుని, గల్లా పక్కన పాలరాతి బల్ల దగ్గర చాయ్ తాగుతూ కూర్చోవడం సదాశివకు ఎన్నో ఏళ్ల ఆదివారపు అలవాటు.

ఆ బల్ల దగ్గర ఎవరో కూర్చున్నారు.

"సార్ కోసమా అమ్మా?" అన్నాడు వెయిటర్. "గీ ఎండకాలం సురువైనకాన్నుంచి సారు కింద కూసుంటలేరు. పైన ఏసీల ఉన్నరు."

మెట్లెక్కుతుంటే మృదులకు ఏదో లెక్క కుదరలేదు. ఏసీ గాలి పడదని సంవత్సరాలుగా గొణిగే మనిషి!

ఏసీ హాలులో మూల బల్ల దగ్గర సదాశివ ఒక స్నేహితుణ్ణి సాగనంపుతున్నాడు. చెయ్యి కలిపాడు, ఊపాడు, వదిలేశాడు. స్నేహితుడు వెళ్లిపోయాడు. బల్ల మీద రెండు లావాటి పుస్తకాలు, సగం తాగిన చాయ్, ఆ పక్కన అరటిపండ్ల సంచీ. ప్లేటులో తొక్కలు.

మృదుల మెట్ల దగ్గరే ఆగిపోయింది.

సదాశివ చెయ్యి కలిపితే వదలడన్నది కేంద్రంలో అందరికీ తెలిసిన ముచ్చట. మృదుల ఉద్యోగంలో చేరిన రోజున ఆమె తండ్రి చేతిని పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. జీవితమంతా గుమాస్తాగా బతికిన ఆ తండ్రి ఇంటికొచ్చి, అంత పెద్ద డాక్టరు నా చెయ్యి ఎంత ప్రేమగా పట్టుకున్నాడని చెప్పుకుని చెప్పుకుని మురిసిపోయాడు. చాయ్ కప్పును కింద పెట్టేటప్పుడు సదాశివ ఎడమచేత్తో కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే విప్పేవాడు. పెద్దవాళ్ల చాదస్తం అనుకునేవారు. మొదటిసారి ల్యాబుకు వచ్చిన రోజు నవత కూడా నీళ్ల గ్లాసు మీంచి వేళ్లను అచ్చం అలాగే విప్పుకుంది. ఆ అమ్మాయిది జబ్బని ఒక్క క్షణంలో పసిగట్టిన ల్యాబు అది. కండరాల గురించే తెల్లవార్లూ చదివేవాళ్లు, కళ్లెదుట ఉన్న కండరాన్ని ఇన్నేళ్లూ ప్రేమ అనుకున్నారు!

ఇప్పుడా చెయ్యి ఇట్టే వదిలేస్తోంది.

"అరే, రా బేటా. కూర్చో. చాయ్ చెప్పనా?"

మృదుల ఎదుటి కుర్చీలో కూర్చుంది. "కుడిచెయ్యి చాపండి సార్."

"ఏంది, జాతకం చెప్తవా?"

"పిడికిలి బిగించండి. గట్టిగా." ప్రతి వాలంటీరుకూ చేసే మొదటి పరీక్ష అది. సదాశివ మొహంలో నవ్వు కొంచెం ఆలస్యంగా తగ్గింది. బిగించాడు. "ఇప్పుడు తెరవండి."

వేళ్లు ఏ అడ్డూ లేకుండా విడిపోయాయి. ఆ సంగతి తనకూ అప్పుడే గుర్తొచ్చినట్టు సదాశివ చేతిని బల్ల కిందికి లాక్కున్నాడు.

"ఎప్పట్నుంచి మింగుతున్నారు సార్ మన మందు?"

"ఏం మాట్లాడుతున్నవ్ మృదులా? ఎండల తిరిగి వచ్చినట్టున్నవ్. ముందు నీళ్లు తాగు."

"పొద్దున్నుంచి ల్యాబులోనే ఉన్నా. ఏసీ పోయింది. ఒంటి వేడిలో మందు పోస్తే గుండె చానెల్ మూసుకుపోయింది."

"కణం చచ్చుంటది."

"కడిగాను. లేచింది."

సదాశివ కప్పు అందుకున్నాడు. తాగకుండానే దింపేశాడు. "అందరు చల్లగనే రికార్డు చేస్తరమ్మా. ప్రపంచమంతట గట్లనే చేస్తరు. నేను కొత్తగ చేసిందేముంది?"

"అందరూ హీటర్ పీకేసి ఎంసీల్ పెట్టి, పైన రంగు వెయ్యరు సార్!"

పక్క బల్లల వాళ్లు తలలు తిప్పారు. సదాశివ చుట్టూ చూసి, "జర మెల్లగ" అన్నాడు.

"ఎందుకు మెల్లగా? సాయన్న భార్య ముందు మీరు మెల్లగా మాట్లాడారా? ఎండ మింగేసిందని నలుగురిలో చెప్పి కండ్లు తుడుచుకోలేదా? ఆమె ఇంకా ఎండనే తిట్టుకుంటోంది సార్! ఎండనే!" అరటిపండ్ల సంచీని విసురుగా ముందుకు తోసింది. పండ్లు బల్ల మీద దొర్లాయి. "ఇవెందుకు? పొటాషియం కోసమే కదా? చాయ్‌కు కిందికి పోకుండా ఏసీలో కూర్చునుడు ఎందుకు? చెమట పట్టొద్దనే కదా? మీ గుండెకు ఏం కావాలో మీకు ఎంత బాగా తెలుసు! ఎండలో తిరగొద్దు, బరువులు మోయొద్దు, రోజూ అరటిపండు తిను అని సాయన్నకు ఒక్క ముక్క చెప్పారా? చెప్పరు. చెప్తే ఎందుకని అడుగుతాడు కదా! మూటలు మోసేవాడికి అదే మందు ఇచ్చి, మీరు మాత్రం ఫ్యాన్ కింద కూడా కూర్చోరు. ఏం మనిషి సార్ మీరు?"

సదాశివ ఒక అరటిపండును తీసి సంచీలో పెట్టాడు. రెండోది తీసుకుని, పెట్టకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"మా నాన్న ఇంకా చెప్పుకుంటాడు సార్, మీరు చెయ్యి వదల్లేదని" అంది మృదుల. లేచి నిలబడింది. "రేపు సాయన్న చావు గురించి కూర్చునే కమిటీకి చూపిస్తా. వేడి గిన్నె, చల్లని గిన్నె, రెండూ. నవతకు రేపు మందు పడదు. వాళ్ల నాయినకు చెప్పేశాను."

"ఎప్పుడు చెప్పినవ్?" సదాశివ తలెత్తాడు. ఆ కళ్లలో మొదటిసారి భయం కనిపించింది. అది తన గురించి పడే భయంలా లేదు. "నవత ఎక్కడుంది ఇప్పుడు?"

"గ్రౌండులో. ఎందుకు?"

అతను గోడ గడియారం వైపు చూశాడు. చేతిలోని పండు నలిగిపోయింది. మాట్లాడ్డం మొదలుపెట్టాక ఇక ఆగలేదు.

"హీటర్ నేనే తీసిన. సుశాంత్ కడగలేదు గని, వాడు పోయినంక నేను కడిగిన. లేచింది. నీకు ఇయ్యాల తెలిసింది నాకు అప్పుడే తెలుసు. ఎంసీల్ గూడ ఈ చేత్తోనే పెట్టిన. చిన్నప్పట్నుంచి ఈ చెయ్యి నా మాట వినలేదు, మృదులా. బడిల బోర్డు మీద రాసి చాక్‌పీసు వదలలేక పంతులుతోని దెబ్బలు తిన్న. పెండ్లిల పెండ్లిపిల్ల చెయ్యి పట్టుకొని వదలలేకపోతే మండపమంత నవ్వింది. మీ నాయిన ప్రేమనుకున్నడు గదా, నేను లోపల్లోపల చచ్చిపోయిన ఆనాడు. ఈ మందు మింగిన మూడో పొద్దుకు నా పిడికిలి నేను అనుకున్నప్పుడు తెరుచుకుంది. దాన్ని ఎట్ల వదులుకుందును? చిన్న డోసుతోని ఎవ్వరికి ఏం కాదనుకున్న. సాయన్న పడ్డప్పుడు ఎండ కాదని తెలుసు నాకు. తెలిసే ఆయన భార్య ముందట అబద్ధమాడిన. రేపు కమిటీ కూసుంటే ఆపుమంటరు. ఆపకముందే పెద్ద డోసు ఒక్కరికన్న పడాలె, గా పిల్ల ఉరికి చూపియ్యాలె, ఉరికినంక ఎవ్వరు ఆపలేరు అనుకున్న. రక్తపరీక్ష అన్నది అబద్ధం, బేటా. నవతకు పెద్ద డోసు రేపు గాదు. పొద్దుగాల్నే నా చేత్తోని ఇచ్చిన. ఇచ్చి, సాయంత్రం గ్రౌండుల నీకు చేతనైనంత గట్టిగ ఉరుకు బిడ్డా అని చెప్పిన."